స్వామి అని పిలవమన్నారు

మా ఆయన తాగుడు మానలేడని ఎవరైనా అంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఆ మాట అబద్ధం. ఏటా చలికాలంలో అయ్యప్ప మాల వేసుకుంటాడు. వేసుకున్న పొద్దు నుంచి తీసే పొద్దు దాకా చుక్క ముట్టడు. మొదట్లో కాస్త చెమటలు పడతాయి, కనపడిన ప్రతిదాని మీదా చిరాకు పడతాడు, ఆ తర్వాత ఆ గొడవే ఉండదు. శబరిమల పోయి వచ్చి మాల తీసిన సాయంత్రం మళ్ళీ సీసా ముందు కూర్చుంటాడు. దీనికి చదువుకున్నవాళ్ళు ఏ పేరైనా పెట్టుకోనీ. దేవుడి కోసం మానగలిగినవాడు మా కోసం మానడు, అంతే.

నా పేరు విజయ. అబిడ్స్‌లో జగదీష్ మార్కెట్ వెనక సందులో నాకు జాకెట్లు కుట్టే చిన్న దుకాణం ఉంది. పీకో, ఫాల్ కూడా చేస్తాను. ఇల్లు నాంపల్లి దగ్గర బజార్‌ఘాట్‌లో, కిరాయిది. మా ఆయన ఒక ప్రైవేటు బడికి సొంత వ్యాన్ నడిపేవాడు. నిరుడు వానాకాలంలో ఒక సాయంత్రం పిల్లలను ఇళ్ళ దగ్గర దింపి, దారిలో ఆగి తాగి, లక్డీకాపూల్ దగ్గర పోలీసులు ఊదమంటే ఊది దొరికిపోయాడు. నాంపల్లి కోర్టులో జరిమానా వేసి, లైసెన్సు కొన్ని నెలలు పక్కన పెట్టారు. "పిల్లల్ని దింపినంకనే తాగిన సార్" అని జడ్జి ముందు చెప్పుకున్నాడట. అదేదో పుణ్యకార్యం చేసినట్టు ఇంటికొచ్చి మాకు కూడా చెప్పాడు.

బడిలో వ్యాన్ల వ్యవహారం చూసే రత్నాకర్ సారు ఖరాఖండిగా చెప్పేశాడు. "లైసెన్స్ వాపస్ వచ్చినంక మళ్ళ పెట్టుకుంటమమ్మా. కానీ తాగుడు మానిండని ఏదన్న సెంటర్ నుంచి కాయితం తేవాలె. మంది పిల్లలు గదా, నేను జిమ్మా తీస్కోలేను" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. అప్పటినుంచి వ్యాన్ మా సందు చివర టార్పాలిన్ కప్పుకొని నిలబడింది. దాని కిస్తీలు నా కుట్టుమిషను కట్టింది.

అలా పబ్లిక్ గార్డెన్ వెనక వీధిలో ఒక ట్రస్టు నడిపే కేంద్రానికి పోయాం. మా ఆయన వరండాలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. లోపలికి నేనూ, ఇంటర్ చదివే నా బిడ్డ నర్మదా వెళ్ళాం. అక్కడి కౌన్సెలర్ పేరు ప్రణవి. చిన్న వయసే. సైకాలజీలో పెద్ద చదువు చదివిందని గోడమీది పటాలు చెప్తున్నాయి. మాట మెత్తన, మనిషి శుభ్రం.

"పేషెంట్ పేరు?" అని అడిగింది.

నేను నర్మద వైపు చూశాను. మా దగ్గర ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో అనరు. మా అమ్మ అనలేదు, మా అత్త అనలేదు, నేనూ అనలేదు. రేషన్ దుకాణంలోనైనా, దవాఖానలోనైనా పక్కనున్నవాళ్ళే చెప్తారు. నర్మద "ఎల్లేష్" అంది. ప్రణవి మేడం చిన్నగా నవ్వి రాసుకుంది.

"విజయ గారూ, ముందు ఒక మాట చెప్తాను. ఆయన మీద కోపం పెట్టుకోకండి. ఇది జబ్బు. బీపీ, షుగర్ లాంటిదే. మానాలని ఉన్నా మానలేరు."

"మాల ఏసుకుంటె మానుతడు మేడం" అన్నాను.

నేను అన్నది ఎత్తిపొడుపుగా. ఆమెకు అది అలా వినపడలేదు. పెన్ను కింద పెట్టి ముందుకు వంగింది. మాల వేసుకున్నప్పుడు ఎప్పుడు లేస్తాడు, ఏం తింటాడు, ఎవరితో కూర్చుంటాడు, ఎలా మాట్లాడతాడు, అన్నీ గుచ్చి గుచ్చి అడిగింది. నేను చెప్తున్నకొద్దీ ఆమె మొహం వెలిగిపోయింది.

"మనకు కావలసింది ఇదే" అంది. "చూడండి, మనిషి తనను తాను ఎవరు అనుకుంటే అలాగే నడుచుకుంటాడు. సైకాలజీలో దీని మీద ఎంతో పని జరిగింది. మాలలో ఆయనకి బట్టలు మారుతున్నాయి, చుట్టూ మనుషులు మారుతున్నారు, అన్నిటికన్నా ముఖ్యంగా పేరు మారుతోంది. ఎల్లేష్ తాగుతాడు. స్వామి తాగడు. కష్టమంతా ఎక్కడొస్తోందంటే, మాల తీసిన రోజు ఆ పేరు కూడా తీసేస్తున్నారు. ఈసారి తియ్యకండి. మాల తీసినా ఇంట్లో అందరూ స్వామి అనే పిలవండి."

"అందరు గట్ల పిలువాలెనా?" అంది నర్మద.

"అందరూ. ముఖ్యంగా మీ అమ్మ. ఆవిడ పిలిచే పేరే ఆయనకి అద్దం" అని నా వైపు తిరిగింది. "నియమాలు కూడా వదలొద్దు. పొద్దున్నే స్నానం, వేళకు భోజనం, ఇంట్లో ప్రశాంతత. మీరు గొడవ పెట్టుకోకూడదు. మంచిగా ఉన్నప్పుడు మెచ్చుకోండి. వాతావరణం మార్చితే అలవాటు దానంతటదే మారుతుంది. వ్యాన్ తాళం మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి."

అన్నింటికీ తలూపాను. వేళకు భోజనం ఎవరు వండుతారో, ప్రశాంతత ఎవరు నోరు మూసుకుంటే వస్తుందో ఆమె అనలేదు, నేనూ అడగలేదు. తాగుడు మానితే చాలు, వ్యాన్ కదిలితే చాలు అనుకుంటూ మెట్లు దిగాను.

కార్తీకం రాగానే మాల పడింది. మాల వేసుకున్నది ఆయన, మోసింది నేను. కోడి కూయకముందే లేచి ఇల్లు కడగాలి. మైల లేని గిన్నెలు, మడి బట్టలు, ఉల్లి వెల్లుల్లి లేని కూర. మధ్యాహ్నం భిక్ష నేను దుకాణం మూసి వచ్చి వడ్డించాలి. పెళ్ళిళ్ళ రోజులు, జాకెట్లకు జనం షట్టరు ముందు నిలబడి తిట్టుకుంటూ పోయేవారు. నెలసరి వస్తే నేను ఇంట్లో ఉండకూడదు. దుకాణంలో కత్తిరించే బల్ల కింద చాప పరుచుకొని పడుకునేదాన్ని. షట్టరు కింది సందులోంచి కుక్కలు మూతి పెట్టి చూసేవి.

ఆయన మాత్రం వెలిగిపోయేవాడు. నల్ల బట్టలు, నుదుట విభూతి, కాళ్ళకు చెప్పుల్లేవు. పళ్ళెం విసిరికొట్టిన చేత్తోనే దండం పెట్టేవాడు. "లంజదానా" అన్న నోటితోనే "మాతా, భిక్ష అయిందా?" అని అడిగేవాడు. సందులో ముసలివాళ్ళు కూడా "స్వామి శరణం" అంటూ పక్కకు జరిగి దారి ఇచ్చేవారు. వాళ్ళ బృందానికి గురుస్వామి బీరయ్య. ఆయన అఫ్జల్‌గంజ్‌లో ఒక ఇనుప సామాను దుకాణంలో గుమాస్తా, చలికాలంలో మాత్రం ఆయన మాటకు తిరుగులేదు. "నీ పెనిమిటి బంగారం మాతా" అని నాతో అన్నాడు.

నాకు సంతోషం కలగాలి. ఒళ్ళు మండేది. ఇంత మంచి మనిషి ఇన్నేళ్ళు ఎక్కడ దాక్కున్నాడు? లోపలే ఉన్నాడు. నర్మదకు డెంగీ వచ్చి దవాఖానలో పడుకున్నప్పుడూ లోపలే ఉన్నాడు. వ్యాన్ నిండా పసిపిల్లలు ఉన్నప్పుడూ లోపలే ఉన్నాడు. దేవుడు పిలిస్తే బయటికి వచ్చాడు, మేం పిలిస్తే రాలేదు. దేవుడి మీద నాకు కోపం లేదు. ఆయన ఎవరికి భయపడాలో, ఎవరికి అక్కర్లేదో ఇంత తెలివిగా లెక్క వేసుకోవడం చూస్తే మాత్రం కడుపు రగిలిపోయేది.

శబరిమల నుంచి తిరిగి వచ్చిన రోజు నాంపల్లి స్టేషన్ నుంచి నేరుగా గుడికి పోయారు. కొబ్బరికాయ కొట్టి బీరయ్య గురుస్వామి మాల తీశాడు. ఏటా ఆ సాయంత్రం ఏం జరుగుతుందో మా సందులో కుక్కలకు కూడా తెలుసు. ఈసారి నేను గడప దగ్గర ఎదురు నిలబడి, వేపాకు మింగినట్టు మింగి, "రా స్వామీ" అన్నాను. మెడలో మాల లేదు, ఒంటిమీద గళ్ళ చొక్కా ఉంది. ఆయన ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు. కాళ్ళు కడుక్కొని లోపలికి వచ్చి కూర్చున్నాడు. ఆ సాయంత్రం బయటికి పోలేదు.

మర్నాడూ పోలేదు. నిజం చెప్పాలి, కొన్నాళ్ళు పనిచేసింది. ప్రణవి మేడం సంతోషం పట్టలేకపోయింది. కేంద్రంలో మిగతా తాగుబోతులందరినీ కూర్చోబెట్టి ఆయనతో మాట్లాడించింది. "నేను ఇప్పుడు ఎల్లేష్‌ను గాదు, స్వామిని" అని ఆయన గుండె మీద చెయ్యి పెట్టుకొని చెప్తే అందరూ చప్పట్లు కొట్టారు. నర్మద కూడా కొట్టింది. నేను గోడకు ఆనుకొని నిలబడ్డాను. చప్పట్లు కొట్టడానికి నా చేతులు రాలేదు. సూదులు గుచ్చుకొని వేళ్ళ కొసలు మండుతున్నాయని నాకు నేనే చెప్పుకున్నాను.

ఆయనకు తాగకుండా ఉండటం అలవాటు కాలేదు. స్వామిగా ఉండటం అలవాటైంది. రెండూ ఒకటేనని మేడం అనుకుంది. స్వామి తినకముందు ఇంట్లో ఎవరూ తినకూడదన్నాడు. ఆయన టీవీ చూస్తూ ఆలస్యం చేస్తే నర్మద ఖాళీ కడుపుతో కాలేజీకి పోయేది. పప్పులో ఉప్పు తక్కువైతే "స్వామికి గిట్లనే పెడుతరా?" అనేవాడు. పిలుపులో కాస్త గట్టిదనం వినపడితే చాలు, "మేడం ఏమన్నది, ఇంట్ల ప్రశాంతత ఉండాలె అన్నది గదా" అని గుర్తు చేసేవాడు. ఆ అమ్మాయి చెప్పిన ప్రతి మాటా మా ఆయనకు కంఠతా వచ్చింది. తాగొద్దన్న ఒక్క మాట తప్ప అన్నీ నా మీదికే తిప్పాడు.

మళ్ళీ నెలసరి వచ్చింది. నేను వంటింట్లో ఉంటే గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇంట్ల ఉంటవా ఏంది?"

"మాల తీసినవు గదా" అన్నాను.

"మాల తీసిన. నియమాలు తియ్యలె. మేడం చెప్పిందా లేదా?"

నేను చాప చుట్టుకొని దుకాణానికి పోయాను. ఎందుకు పోయావని అడిగే హక్కు మీకుంది. పోకపోతే తాగుతాడని పోయాను. తాగితే కాగితం రాదు, కాగితం రాకపోతే వ్యాన్ కదలదు. ప్యాంటు వేసుకొని కాళ్ళు చాపుకొని టీవీలో క్రికెట్ చూస్తున్న మగాడి పవిత్రత కోసం నేను బల్ల కింద, గుడ్డపేలికల మధ్య పడుకున్నాను. మర్నాడు మేడంకు ఫోన్ చేసి ఆయనకు బాగా కోపం పెరిగిందని మాత్రం చెప్పాను. బల్ల సంగతి చెప్పడానికి సిగ్గేసింది. "తాగట్లేదు కదా విజయ గారూ, అది చాలా పెద్ద మార్పు. చిన్న చిన్నవి కాస్త సర్దుకోండి" అంది. కాస్త అనే మాట ఎంత పొడవు ఉంటుందో ఆమెకు తెలియదు.

తర్వాత కొన్నాళ్ళకు ఆయన నోటి దగ్గర ఇలాచీ వాసన రావడం మొదలైంది. జేబులో సోంపు పొట్లాలు. నేను అడగలేదు. అడిగితే గొడవ, గొడవైతే ప్రశాంతత పోతుంది, ప్రశాంతత పోతే తాగుతాడు, తాగితే తప్పు నాది. నన్ను ఎంత చక్కగా కట్టేశారో చూడండి.

నాంపల్లిలో ఏటా జరిగే ఎగ్జిబిషన్, నుమాయిష్ నడుస్తున్న రోజుల్లో ఒక ఆదివారం. పొద్దున తాళం అడిగాడు. "బ్యాటరీ కూసుంటది. ఒక్కపారి స్టార్ట్ జేసి ఇస్త" అన్నాడు. లైసెన్సు అప్పటికే చేతికి వచ్చింది. స్వామి అడిగితే లేదనడం ఎలా? ఇచ్చాను. మధ్యాహ్నం నర్మదను తీసుకొని అబిడ్స్ పోయాను. ఆదివారం దుకాణాల షట్టర్లు మూసి ఉంటాయి, ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు పరుస్తారు. నర్మదకు ఫిజిక్సు గైడు కావాలి. ఒక ముసలాయన దగ్గర మోకాళ్ళ మీద కూర్చొని వెతుకుతోంది.

హారన్ మోగింది. తల ఎత్తేసరికి పసుపు వ్యాన్ ఒకటి ఒక చక్రం ఫుట్‌పాత్ మీదికి ఎక్కించి ఆగింది. ముసలాయన రెండు చేతులతో పుస్తకాలు వెనక్కి లాక్కున్నాడు. అన్నీ రాలేదు, ఒక వరుస టైరు కిందికి పోయింది. స్టీరింగు ముందు మా ఆయన. వెనక సీట్ల నిండా మా సందులో పిల్లలు. "ఆంటీ, స్వామి మాకు మొజంజాహీ మార్కెట్ల ఐస్‌క్రీం తినిపిస్తుండు" అని ఒక చిన్నది కిటికీలోంచి చెయ్యి ఊపింది. ఇలాచీ వాసన దాటుకొని మందు వాసన వచ్చింది. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నవ్వుతున్నాడు.

నేను తిట్టబోయాను. నా కన్నా ముందు నర్మద లేచింది. కిటికీ దగ్గరికి పోయి, రెండు చేతులూ జోడించి, గొంతు తగ్గించి, "స్వామీ, జర తాళం ఇయ్యి స్వామీ" అంది.

"సూసినవా" అన్నాడు నా వైపు తిరిగి. "నా బిడ్డకున్న మర్యాద నీకు లేదు. గట్ల పిలువాలె."

తాళం తీసి, ప్రసాదం పెట్టినట్టు దాని దోసిట్లో పెట్టాడు.

ఆ క్షణంలో నాకు వచ్చిన కోపం మా ఆయన మీద మాత్రమే కాదు. నిలువునా మండిపోయాను. నా బిడ్డ, తరగతిలో లెక్చరర్‌ను నిలదీసి అడిగే పిల్ల, నడి అబిడ్స్‌లో ఒక తాగుబోతుకు చేతులు జోడించి మొక్కుతోంది. ఇది ఎవరు నేర్పారు? మేమే నేర్పాం. ఒకావిడ పుస్తకంలో చదివి చెప్పింది, నేను ఇంటికి మోసుకొచ్చి వండి పెట్టాను. మారాల్సినవాడు మారలేదు, ఆ పేరు మాత్రం మా నోళ్ళలో అతుక్కుపోయింది. ఎల్లకాలం తాగొచ్చు, తాగినా స్వామే.

పిల్లలను ఒక్కొక్కరినే దింపాను. ముసలాయనకు నలిగిన పుస్తకాలకు నేను బాధ్యురాలినని చెప్పి నా దుకాణం గుర్తులు చెప్పాను. పిల్లలందరినీ ఒకరి చెయ్యి ఒకరికి పట్టించి నాంపల్లి స్టేషన్ రోడ్డు మీదుగా ఇంటికి నడిపించాను. ఆయన అక్కడే స్టీరింగు మీద తల పెట్టి పడుకున్నాడు. దారిలో ఆ చిన్నది అడిగింది.

"స్వామి తాగిండా ఆంటీ?"

"ఔ బిడ్డా, తాగిండు" అన్నాను. ఆ పిల్ల ఐస్‌క్రీం రాలేదని ఏడ్చింది.

పొద్దు గూకేవేళకు మత్తు దిగి నడిచి వచ్చాడు. కాళ్ళు పట్టుకున్నాడు. తెల్లారేసరికి బతిమాలడం పోయి బెదిరింపు వచ్చింది. "ఒక్కపారి తప్పయింది. జారుడు గూడ మారుట్ల భాగమేనని మేడమే చెప్పింది. బుధవారం కాయితం రాస్తది. నువ్వు ఔ అంటె చాలు. కాదంటివా, వ్యాన్ అమ్ముకోవాలె. బిడ్డ చదువు నీ చేతులతోని నువ్వే ఆపుకున్నదానివి అయితవు" అన్నాడు. అందులో అబద్ధం లేదు. వ్యాన్ కదలకపోతే నా జాకెట్ల మీద ఇల్లు గడుస్తుంది, నర్మద ఇంజనీరింగు గడవదు. ఆ రెండు రోజులు నా మిషను కింద సూదులు విరుగుతూనే ఉన్నాయి.

బుధవారం కేంద్రానికి పోయాం. నర్మద మెట్ల మీద ఆగిపోయింది, లోపలికి రానంది. బీరయ్య గురుస్వామి కూడా వచ్చాడు, పూచీ ఉండటానికి. ప్రణవి మేడం మొహంలో పండగ ఉంది.

"ఎల్లేష్ గారు మాల తీశాక కూడా తాగలేదని చెప్పారు. గురుస్వామి గారూ అదే అన్నారు. నాకు మాత్రం ఇంట్లోవాళ్ళ మాటే ముఖ్యం. విజయ గారూ, మీరు చెప్పండి."

మా ఆయన నా వైపు తిరిగాడు. నవ్వు ఉంది కానీ కళ్ళలో లేదు. "చెప్పు మాతా" అన్నాడు.

ఆ మాట అనకపోయి ఉంటే ఏం చెప్పేదాన్నో నాకే తెలియదు.

"మేడం, వాతావరణం మార్చాలె అన్నరు మీరు. ఆయనకు వాతావరణం అంటె నేనే. చీకటితోని లేచింది నేను. నోరు మూసుకున్నది నేను. ఆయన తినేదాక బిడ్డను పస్తు పెట్టింది నేను. దుకాణంల బల్ల కింద పండింది నేను. ఆయనకు నేనున్న. నాకు వాతావరణం ఎవరు మేడం?"

ఆమె పెన్ను ఆగింది. "బల్ల కింద పడుకోవడం ఏమిటి?"

చెప్పాను. బీరయ్య నేల చూపులు చూశాడు. ఆమె మొహం ఎర్రబడింది. "నేను చెప్పింది ఆ నియమాలు కాదు విజయ గారూ. నాకు ఆ సంగతి తెలియదు."

"మీరు అడగలే. ఆయన ఎన్నిటికి లేస్తడో అడిగిన్రు, ఏం తింటడో అడిగిన్రు. నేను ఏడ పంటనో అడగలే."

"ఇప్పుడు గదంత ఎందుకు" అన్నాడు మా ఆయన. "మేడం అడిగిందానికి జవాబు చెప్పు."

"చెప్తున్న" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "మేడం, ఎల్లేష్ తాగుతడు, స్వామి తాగడు అన్నరు మీరు. ఆదివారం నాడు మా సందుల పిల్లల్ని బండిల ఎక్కిచ్చుకొని, తాగి అబిడ్స్‌ల ఫుట్‌పాత్ ఎక్కిచ్చింది స్వామి కాదు. ఎల్లేష్. ఎల్లేష్ తాగుతున్నడు. కాయితం రాయకున్రి."

మా పెళ్ళయినప్పటి నుంచి నా నోటి వెంట రాని పేరు, ఒక్క ఊపిరిలో మూడుసార్లు వచ్చింది. మా ఆయన కుర్చీ వెనక్కి తోసి లేచాడు.

"మొగన్ని పేరు వెట్టి పిలుస్తవా?"

"తప్పమ్మా" అన్నాడు బీరయ్య, నాలుక కరుచుకుంటూ. "ఎంత కోపమొచ్చినా ఆడిది గట్ల పిలువద్దు."

ప్రణవి మేడం ఆయన వైపే చూసింది. "ఎల్లేష్ గారూ, ఆవిడ చెప్పింది నిజమేనా? ఆదివారం పిల్లలతో తాగి నడిపారా?"

"పేరు వెట్టి పిలిచింది మేడం" అన్నాడు. "మీరు గూడ విన్నరు గదా. మీ ముంగట్నే పిలిచింది."

తాగలేదని అనలేదు. పిల్లల మాట అతని నోట రాలేదు, ఐస్‌క్రీం మాట రాలేదు, టైరు కింది పుస్తకాల మాట రాలేదు. అతని పరువంతా ఆ మూడక్షరాల దగ్గరే ఉంది. ఆమె పెన్నుకు మూత పెట్టి, కాగితం సొరుగులోకి తోసేసింది. "విజయ గారూ, మీతో విడిగా మాట్లాడాలి. ముందే మాట్లాడి ఉండాల్సింది" అంది. ఈ రోజు కాదని చెప్పి లేచాను. ఆ మేడం మీద నా కోపం ఇంకా తగ్గలేదు. కానీ కాగితం రాయలేదు, అది ఒప్పుకుంటాను.

మెట్ల మీద నర్మద మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకొని కూర్చుంది. తలుపు తెరిచే ఉండింది, అన్నీ విన్నది. లోపల ఆయన గొంతు ఇంకా లేస్తూనే ఉంది. నేను దాని పక్కన కూర్చుని పర్సులోంచి వ్యాన్ తాళం తీసి దాని చేతిలో పెట్టాను. రత్నాకర్ సారుకు ఇచ్చి రావాలని, వేరే డ్రైవరు దొరికితే కిరాయికి నడిపించమని అడగాలని చెప్పాను. తలూపింది. కాసేపు తాళం చెవిని చేతిలో తిప్పుతూ ఉంది.

"అమ్మా, మరి ఇంట్ల నాయనను ఇగ ఏమని పిలువాలె?"

"నాయన అనే పిలువు బిడ్డా" అన్నాను. "తాగినా నీకు నాయననే. చేతులు మాత్రం జోడియ్యకు."